లహరి ఎగరేసిన విమానం

ఆ రోజుల్లో ఆకాశంలో తిరిగేవన్నీ తమను తామే నడుపుకొనేవి కాబట్టి ఏదీ కింద పడేది కాదు. హుజూరాబాద్‌లో రిమోట్ పట్టుకుని విమానం ఎగరేసేది లహరి ఒక్కతే. ఫోమ్ బోర్డు కోసి తానే చేసుకున్న ఆ విమానం ఆ ఉదయం నేలకు గుద్దుకుంది.

వంటింటి బల్ల మీద పెట్టి, నలిగిన ముక్కును కోసేసి, విరిగిన రెక్కకు వేడి జిగురు పెడుతుంటే ఫోమ్ పొరల మధ్య గోరంత చిప్ కనిపించింది. అది తను పెట్టింది కాదు.

ఇంట్లో ఉండేది తను, కూతురు ఆద్య, ఇద్దరే. బెండకాయలు తరుగుతున్న కూతురి వంక లహరి అనుమానంగా చూసింది.

"ఇది ఎవరు పెట్టిన్రే?"

ఆద్య తల ఎత్తలేదు. "నీ చేతులు వణుకుతున్నయని నేనే పెట్టిన అమ్మా. నువ్వు తప్పు తిప్పితే అదే సరిజేస్తది. దాని బ్యాటరీ అయిపోయినట్టుంది, అందుకే పొద్దున పడ్డది."

"ఎప్పటిసంది?"

"నిరుడు వానకాలం సంది."

లహరికి ఆ పూట అన్నం సయించలేదు. అప్పటి నుంచి గాలిలో తను తిప్పిన, చూసినవాళ్లు చప్పట్లు కొట్టిన మలుపుల్లో ఒక్కటైనా తనదేనా? ఒక్కొక్కటే గుర్తు చేసుకుని, ఒక్కొక్కదాన్నే శంకించింది.

సాయంత్రం చిప్ తీసేసి, కొత్త ముక్కు అతికించి మైదానానికి వెళ్లింది. ఆద్య కూడా వచ్చింది. విమానం లేచింది. ఆమె వేళ్ల వణుకంతా రెక్కల్లో కనిపించింది. ఒక్క మలుపు తిరిగి గడ్డిలో బోర్లా పడింది.

ఆద్య పరుగెత్తబోయింది.

"ఆగు," అంది లహరి. "నేను పడేసిన. నేనే తెచ్చుకుంట."