ఉడుము నడుం నొప్పి

నడుం నొప్పికి ఉడుము మాంసాన్ని మించిన మందు లేదని ఎవరో చెవిలో వేస్తే, సింగన్న కర్ర పొడుచుకుంటూ అడవికొచ్చాడు. బండ మీద ఎండ కాచుకుంటున్న ముసలి ఉడుము తోక అతని చేతికి చిక్కింది. అతను లాగాడు. అది బండను కరుచుకుంది. ఇద్దరూ ఒక్కసారే "అమ్మో, నా నడుం!" అని అరిచారు.

"నీకేమొచ్చిందే ముసలీ?" అన్నాడు సింగన్న.

"నాకూ అదే రోగం నాయనా, పదేళ్లుగా. ఒళ్లంతా ఉడుము మాంసమే ఉన్న నాకే తగ్గలేదు, ఒక్క పూట కూర తింటే నీకు తగ్గుతుందా? ఈ గుట్ట మీద మావాళ్లందరినీ మీ ఊరే తినేసింది. నేనొక్కదాన్నే మిగిలాను. మరి మీ ఊళ్లో ఒక్క నడుమైనా నిటారుగా నిలబడిందా?"

సింగన్న ఊళ్లోవాళ్ల నడుములన్నీ తలుచుకుని తోక వదిలేశాడు. ఉడుముకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

కానీ అతను కదల్లేదు. చుట్టూ చూసి, "పోనీ, ఇంకే మాంసం పనిచేస్తుందంటావు?" అన్నాడు.

ఉడుము నోరు తెరిచేలోపే పొదలో కుందేలు "అబ్బా, నా నడుం!" అని మూలిగింది. చెట్టు మీద నెమలి రెక్కతో నడుం పట్టుకుంది. అడవిపంది కుంటుతూ దారి దాటింది.

ఇప్పటికీ ఆ అడవిలో మనిషి అలికిడైతే చాలు, ఒక్క జంతువూ తిన్నగా నడవదు.