ముసలమ్మ అడిగిన చెల్లెలు

టీవీలో ముసలమ్మ మాటని మొదటిసారి నా అంతట నేనే చదివాను.

"దుకాణం మూసేశాం. రేపు రా."

మళ్ళీ చదివాను. అంతే ఉంది.

అన్నయ్య చదివితే అలా ఉండేది కాదు. జపాన్ నుంచి పట్టుబట్టి తెప్పించుకున్న వీడియో గేమ్ అది. ఆడేది ఒక్కరే, పక్కనున్నవాళ్ళకి చూడ్డమే పని. నేను విసుగొచ్చి లేవబోతే చాలు, "ఉండవే, ముసలమ్మ నిన్నే అడుగుతోంది. 'చెల్లెల్ని తీసుకురాలేదేం నాయనా?' అంటోంది" అని చదివి వినిపించేవాడు. పడవవాడూ అడిగేవాడు. ఆఖరికి రాక్షసుడు కూడా.

"జపాన్ భాష నీకెప్పుడొచ్చింది అన్నయ్యా?" అంటే కాలరెగరేసేవాడు.

అన్నయ్య పోయాక ఇంట్లో నన్ను పలకరించే దిక్కు లేదు. ఆ ముసలమ్మైనా అడుగుతుంది కదా అని, నేను పనిచేసే టైలరింగ్ షాపులో కటింగ్ టేబుల్ మీద సుద్దతో ఆ జపాన్ అక్షరాలు దిద్దుకున్నాను. గిరాకీ వస్తే చెరిపేసేదాన్ని.

ఇవాళ ఆటలో ఊరంతా తిరిగాను. పడవకి చిల్లు పడిందన్నాడు పడవవాడు. "చావు" అన్నాడు రాక్షసుడు. నా ఊసే ఎవరూ ఎత్తలేదు. ఒక్క అక్షరం ముక్క రాదు మా అన్నయ్య మహానుభావుడికి! అన్నిసార్లూ నన్ను ఉండమన్నది తనే.

వెనక్కి వచ్చి ముసలమ్మ ముందు బటన్ నొక్కాను. దుకాణం మూసేశామనే అంది.

నేను గట్టిగా చదివాను: "అన్నయ్యని తీసుకురాలేదేమే?"