ఎర్రదారం గరిటె

ఆ సాయంత్రం టీ పొడి వ్యాపారి చేతిలో ఉన్న మూలధనం ఒకే ఒక్క మాట. "బాగుందండీ." ఆయన కాచిన జావ తాగిన ప్రతిసారీ భార్య చెప్పే మాట అది. దాన్నే పెట్టుబడిగా పెట్టుకుని వంటింట్లో నెగ్గుకొస్తున్నాడు. వదినగారు ఒక్క చెంచాతో దాన్ని నేలపాలు చేసింది.

క్యాన్సర్ మందు ఎక్కించుకుని మంచంలో ఉన్న చెల్లెల్ని చూడటానికి మధ్యాహ్నమే బస్సు దిగిన మనిషి. పొయ్యి మీది గిన్నెలోంచి చెంచాడు జావ నోట్లో వేసుకుని, అంతే వేగంగా సింకులో ఉమ్మేసింది.

"మరిదిగారూ, ఇది జావా, సముద్రమా?"

"అదేంటి వదినా? మీ చెల్లెలు రోజూ గిన్నె ఖాళీ చేస్తోంది."

"ఇందులో ఉప్పెప్పుడు వేస్తారు?"

"నీళ్లు పెట్టగానే."

"గిన్నెడు నీళ్లకు సరిపడా ఉప్పేసి, అవి సగమయ్యేదాకా మరిగిస్తే ఉప్పెక్కడికి పోతుంది? కాచేకొద్దీ టీ చేదెక్కుతుందని ఊరందరికీ పాఠాలు చెబుతారే."

నాలుకే ఆయన వ్యాపారం. డికాక్షన్ చెంచాతో జుర్రుమని లాగి, నోట్లో తిప్పి ఉమ్మేస్తే చాలు, ఏ తోట ఆకు ఎక్కువ పడిందో చెప్పేస్తాడు. ఆయన నాలుక దాటని పొడి కొట్టు గడప దాటదని బజారులో పేరు.

"ఒక్కసారైనా రుచి చూశారా?"

"నాకు హోటల్ నుంచి క్యారేజీ వస్తుంది కదా వదినా. ఆమె గిన్నెలు విడిగా పెట్టాం. మందు వల్ల ఒంట్లో శక్తి తగ్గింది, మన క్రిములు ఆమెకు సోకకూడదు."

అది డబ్బా మీద అంటించిన చీటీ. లోపలి సరుకు వేరు. ఈ జబ్బు అంటుకునేది కాదని డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది. ఆయన తల ఊపాడు. తల ఒప్పుకుంది గానీ చెయ్యి ఒప్పుకోలేదు. భార్య వాంతి చేసుకుంటే బేసిన్ పట్టాడు. అరికాళ్లు మండుతున్నాయంటే తడిగుడ్డ చుట్టాడు. దిండు మీద రాలిన జుట్టును ఆమె కళ్లు తెరవకముందే ఏరేశాడు. ఏరిన ప్రతిసారీ పెరట్లోకి పోయి మోచేతుల దాకా సబ్బు రుద్దుకున్నాడు. చప్పుడు లోపలికి వినబడకుండా కొళాయి సన్నగా తిప్పేవాడు. ఆమె గరిటె తన గరిటెల్లో కలవకుండా కాడకు ఎర్రదారం కట్టింది కూడా ఆయనే.

వదినగారు కాస్త మెత్తబడింది.

"పోనీలెండి. ఈ మందులకు నాలుక మొద్దుబారిపోతుందట. మా ఆఫీసులో ఒకావిడకు ఉప్పుకీ పంచదారకీ తేడా తెలిసేది కాదు. దీనికీ అంతే అయ్యుంటుంది. తెలిస్తే పుళ్లు పడ్డ ఆ నోటితో ఒక్క చెంచా కూడా మింగగలిగేది కాదు."

తడిసిపోయిందనుకున్న బస్తా పొడిగా దొరికినట్టయింది ఆయనకు. ఆమెకు తెలియనప్పుడు జరిగిన నష్టమేముంది? అలా అనుకున్నందుకు ఆ వెంటనే చెవులు వేడెక్కాయి. అయినా ఆ మాటను వదులుకోలేదు. లోపల భద్రంగా దాచుకున్నాడు.

జావ పారబోసి మళ్లీ పెట్టారు. ఈసారి ఉప్పు దించాక వేశాడు.

"ఇప్పుడు రుచి చూడండి," అంది వదినగారు.

ఆయన చెయ్యి పై అరలోని గరిటె మీదికి పోయింది.

"అదెందుకు, ఇక్కడుంటే?" అని ఆమె ఎర్రదారం గరిటె అందించింది. "చూశాక కడిగి పెడదాం. ఈ దారమేంటి?"

"గుర్తుకి."

ఆమె ఇంకేమీ అడగలేదు. చేతులు కట్టుకుని అక్కడే నిలబడింది. అడిగినా బాగుండుననిపించింది ఆయనకు. గరిటె గడ్డం దాకా వచ్చి ఆగింది. ఎన్ని బస్తాల పొడికి రేటు కట్టిన నాలుకో, పళ్ల వెనక్కి పోయి నక్కింది. కళ్లు మూసుకుని నోట్లో పెట్టుకున్నాడు.

బియ్యం రుచి, కొంచెం ఉప్పు. అంతకు మించి ఏమీ లేదు. ఇన్నాళ్లూ దేనికి భయపడ్డాడో అది గరిటెలో లేదు. ఇంకో చిటికెడు ఉప్పు వేశాడు.

భార్య తలకు గుడ్డ చుట్టుకుని దిండుకి ఆనుకుని కూర్చుంది. ఆయన తెచ్చిన జావ చెంచాడు తీసుకుని, నోట్లో మెల్లగా అటూ ఇటూ తిప్పి మింగింది. రోజూ వచ్చే మాట కోసం ఆయన ఎదురు చూశాడు. ఆమె తలెత్తి ఆయన మొహంలోకి చూసింది.

"ఇవాళ రుచి చూశారు."

"నీకెలా తెలుసు?"

"ఉప్పు సరిపోయింది."

"నీకు రుచి తెలియడం లేదని మీ అక్క..."

"అక్కకేం తెలుసు? జుట్టు పోయింది, గోళ్లు నల్లబడ్డాయి. నాలుక మాత్రం నిక్షేపంలా ఉందండీ."

"మరి ఆ నోటితో అంత ఉప్పు... నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా."

ఆమె ఇంకో చెంచా తాగింది. గొంతులో కోపం లేదు. కొట్లో రెండు రకాలు పక్కపక్కన పెట్టి బేరం చేస్తున్న మనిషిలా నెమ్మదిగా చెప్పింది.

"చెబితే నా గరిటె మీరు నోట్లో పెట్టుకోవాల్సొచ్చేది. అప్పుడు మీ మొహం చూడటమా, ఈ ఉప్పు తినడమా అని లెక్క చూసుకున్నాను. ఉప్పే చవగ్గా తోచింది."