ముగ్గు పోశారా?

వీధులు కట్టే యంత్రాలు వచ్చాక నగరంలో ఏ వీధైనా ఒక్క పూటలో కొత్తదైపోతోంది. ఇవాళ కంచర వీధి వంతు. ప్లాను ప్రకారం రోడ్డుకి అడ్డొచ్చే అరుగులన్నీ ఎగిరిపోతాయి.

సాయంత్రమైతే ఆ వీధి ఆడవాళ్ళంతా చేరేది శేషారత్నమ్మ అరుగు మీదే. ఆవిడ ఎన్ని అర్జీలు పెట్టినా, ఎంత గోల చేసినా పట్టించుకున్న నాథుడు లేడు. చివరికి తెల్లవారుతూనే కళ్ళాపి చల్లి, అరుగు చుట్టూ వీధిలోకంటా పెద్ద మెలికల ముగ్గు వేసింది. పోయే అరుగుకి ఆఖరి మర్యాద అనుకుంది.

ఏనుగంత యంత్రం వచ్చి గుమ్మం ముందు ఆగి, గొంతు విప్పి అడిగింది.

"అమ్మా, ముగ్గు పోశారా?"

శేషారత్నమ్మకి ఒళ్ళు మండింది. "కళ్ళు కనబడ్డం లేదా? తెల్లారేసరికే పోసెయ్యడం అయింది!"

ఆ యంత్రానికి నేర్పింది తాపీమేస్త్రీల తెలుగు. దాని దృష్టిలో ముగ్గంటే కట్టడానికి హద్దు చూపే సున్నపు గీత, అధికారులు దగ్గరుండి పోయించేది. మెలికలన్నీ ఓపిగ్గా చూసుకుంది.

"మంచిదమ్మా. ముగ్గు దాటి లోపలికి రాను," అని, అరుగుని తప్పించి వంపు తిరిగి రోడ్డు పరుచుకుంటూ కదిలింది.

శేషారత్నమ్మ అరుగు మీద కూలబడింది. సంగతి అర్థమయ్యేసరికి కళ్ళనీళ్ళతోనే పడీ పడీ నవ్వింది.

తరవాతి అరుగు పక్కింటి ఖాసింబీది. ఆవిడ గుమ్మంలో ఏనాడూ ముగ్గు పడింది లేదు. ఇప్పుడు గోడ మీంచి గిన్నె చాపింది.

"ఆ ముగ్గుపిండి కాస్త ఇందులో పొయ్యక్కా, తొందరగా!"