మడుగులో భూతం ఫొటో

నక్క మడుగు గట్టున ఒక ఫొటో వేలాడదీసింది. అందులో నీళ్లలోంచి నల్లటి మెడ పైకి లేచి ఉంది. "భూతం!" అంది నక్క. ఆనాటి నుంచి ఒక్క జంతువూ దాహానికి దిగలేదు. నక్క మాత్రం తీరిగ్గా చేపలు మెక్కుతోంది.

తాబేలు ఆ ఫొటో చూసి మండిపడింది. "జింకమ్మా, అది నా మెడే! ఈ టక్కరిది నా ముక్కుకి కెమెరా ఆనించి తీసింది!"

"నీ మెడ బెత్తెడు కూడా లేదు మామా. ఇది తాడిచెట్టంత ఉంది. మా అక్కకి తోక కూడా కనబడిందట."

"మీ అక్క మడుగుకే రాలేదు కదే!"

"రాకుండానే కనబడిందంటే ఎంత పెద్దదో చూడు!"

పక్కన జింకపిల్ల దాహంతో నాలుక వేలాడేసి రొప్పుతోంది. తాబేలు కోపం పట్టలేక ఫొటోని నోటితో పరపరా చింపేసింది.

"అయ్యో! ఇక భూతాన్ని గుర్తుపట్టేదెలా?" అని ఏడుస్తూ, జింక తన పిల్లని నీళ్లకి దూరంగా ఈడ్చుకుపోయింది.