వల ఎక్కడ తెగుతుంది?

నాలుగోసారి కూడా డ్రోన్ వలలో చిక్కుకుంది. రెక్కలు గిరగిరలాడి ఆగిపోయాయి. జాలరి గురువులు నోట్లోంచి చుట్ట తీసి పక్కకు ఉమ్మేశాడు.

"నాను దాన్ని ముట్టను బాబూ. సూత్తేనే రోత," అన్నాడు.

వలలోంచి దాన్ని విడదీసే పని సాయిశంకరే చేసుకున్నాడు. అతను కంపెనీ ఇంజనీరు. ఫిషింగ్ హార్బర్ నుంచి పాత వలలతో పాటు గురువులునూ పరవాడ అవతల కంచె వేసిన ఈ ఖాళీ స్థలానికి రప్పించింది అతనే. వల సంగతి పూర్తిగా తెలుసుకోవాలన్నాడు. మోటారుసైకిల్ ఖరీదు చెయ్యని డ్రోన్ ఇప్పుడు కోట్ల ఖరీదు చేసే యుద్ధ ట్యాంకును కాల్చేస్తోందట. ప్రతి డ్రోన్ మీదా క్షిపణి వేస్తూపోతే ఎంతటి సైన్యమైనా దివాలా తీస్తుందట. అందుకని యుద్ధం జరిగే దేశాల్లో రోడ్ల మీద, ఫిరంగుల మీద, ఆఖరికి ఓడల మీద కూడా చేపల వలలే కడుతున్నారట.

ఓడల మాట వినగానే గురువులు వలలు సర్దుకుని బయల్దేరాడు. కూతురు దుర్గ మొగుడు సరుకు ఓడలో వంటవాడు. వచ్చే వారం ఆ ఓడ యుద్ధపు సముద్రంలోంచే పోవాలి. కిందటి నెల అక్కడే ఒక ఓడ డ్రోన్ తగిలి కాలిపోయింది. అప్పట్నుంచీ దుర్గకు అన్నం సయించడం లేదు.

గురువులుకు డ్రోన్లంటే భయం కన్నా అసహ్యం ఎక్కువ. ఫోన్లో ఒక వీడియో చూశాడు. ఒంటరి సైనికుడు లారీ చుట్టూ పరిగెడుతుంటే డ్రోన్ చేప మీది ఈగలా తిరిగి తిరిగి, వాడు అలిసి కూలబడ్డాక మీద పడింది. ఎవడో ఎక్కడో కుర్చీలో కూర్చుని చేసిన పని. ఆ దిక్కుమాలిన వీడియోకి వెనకాల పాటొకటి. ఆ పూట కూడు మానేశాడు.

"బాబాయ్, ఈ వల తెగితే ఎక్కడ తెగుద్ది?" సాయిశంకర్ అడిగాడు. పొద్దుట్నుంచీ అతని మొహంలో కళ లేదు. డ్రోన్లు పాడవుతున్నాయి కదా, ఆ దిగులు కాబోలనుకున్నాడు గురువులు.

"వొదులుగున్న సోట తెగదు. పైతాడు కాడ బిగువుంటాది. అక్కడ కొడితే పుటుక్కుమంటాది. అక్కడ రెండు వరసలు అల్లాల."

సరిగ్గా ఎక్కడో చూపించమన్నాడు సాయిశంకర్. గురువులు నిచ్చెనెక్కి ఆ చోట ఎర్రగుడ్డ కట్టాడు. పడవ మీద పక్కవాడికి కూడా చెప్పని సంగతులు అల్లుడి కోసం దాచుకోకుండా చెప్పేశాడు.

డ్రోన్ లేచింది. ఎర్రగుడ్డ దగ్గర వలను చీల్చుకుని పోయి అవతల గురిగా నిలబెట్టిన చెక్కను గుద్దుకుంది.

"సూసారా? అక్కడే బలం సెయ్యాల," అన్నాడు గురువులు. అల్లుడికి తన వంతు ఏదో చేశానని అతని గుండె తేలికపడింది.

సాయిశంకర్ అప్పటికే మొహం నిండా నవ్వుతో ఫోన్లో ఎవరికో చెబుతున్నాడు.

"మన డ్రోన్‌ను ఇక ఏ వలా ఆపలేదు సార్."