ఫ్యాను రొద

చెవులు హోరెత్తిపోతున్నాయని ఆయన, కొడుకు గదిలోని కంప్యూటర్ విప్పి, లోపలి ఫ్యానుకు పట్టిన దుమ్మునంతా బ్రష్షుతో పాత పేపర్ మీదికి దులిపాడు. మూత బిగించి ఆన్ చేస్తే, పిండిమరలా రొద పెట్టేది కాస్తా కిక్కురుమనలేదు.

వంటింట్లోంచి భార్య తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది. "వాడు లేచాడా?"

"ఎవడు?"

ఆమె ఖాళీ కుర్చీని చూసి ఆగిపోయింది. కొడుకు పోయి ఏడాది దాటింది.

"ఈ రొద ఆగిందంటే వాడు అన్నానికి లేచినట్టే కదండీ. అందుకే రోజూ పొద్దున్నే ఆన్ చేసి పెడుతున్నా. మోగుతున్నంతసేపూ లోపల ఆడుకుంటున్నాడనుకుని వంట చేసుకుంటాను."

ఆయన పేపర్ అంచులు జాగ్రత్తగా పైకెత్తి, స్క్రూడ్రైవర్ కోసం చెయ్యి చాచాడు.

"పారెయ్యలేదులే. దుమ్మంతా ఇక్కడే ఉంది."